పాఠం చూడాలంటే పిల్లల పక్కన నిలబడండి

బడికి పరిశీలనకు వచ్చేవాళ్లు తరగతిలో ఎక్కడ కూర్చుంటారో ఎప్పుడైనా గమనించారా? చివరి బెంచీలో. అక్కడి నుంచి కనిపించేవి పిల్లల వీపులు, బోర్డు, టీచరు ముఖం. చేతిలో ఫారం ఉంటుంది. లెసన్ ప్లాన్ రాశారా, బోధన సామగ్రి (టీఎల్‌ఎం) వాడారా, బోర్డు మీద తేదీ, హాజరు వేశారా, ప్రశ్నలడిగారా అని టిక్కులు పడతాయి. చివర్లో రెండు మంచి మాటలు, ఒక సలహా, రిజిస్టర్లో సంతకం. మూడో వరసలో కూర్చున్న పిల్ల ఆ పీరియడ్లో ఏం అర్థం చేసుకుందో వచ్చినవాళ్లకు తెలియదు. చాలాసార్లు పాఠం చెప్పినవాళ్లకూ తెలియదు.

నేను పశ్చిమగోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ వ్యాసంలో నేను అడగబోయేది చాలా చిన్న విషయం. సైన్స్ టీచర్లు నలుగురు కూర్చుని ఒక పాఠాన్ని కలిసి తయారుచేసుకోవాలి. ఒకరు తరగతిలో చెబుతుంటే మిగతా ముగ్గురూ పిల్లల పక్కన నిలబడి చూడాలి. ఆ సాయంత్రమే కూర్చుని చూసింది చెప్పుకుని, పాఠాన్ని సవరించి, ఇంకో బడిలో మళ్లీ చెప్పాలి. ఇందుకు చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే మన స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో చోటు దొరకాలి.

జపాన్‌లో ఇది కొత్త సంగతేమీ కాదు. అక్కడ దీన్ని జుగ్యో కెంక్యూ అంటారు. 1872లో టోక్యోలో టీచర్లకు శిక్షణనిచ్చే నార్మల్ స్కూలు పెట్టి కొత్త తరహా చదువు మొదలుపెట్టిన మీజీ కాలం నుంచే దాని మూలాలు ఉన్నాయి. బయటి ప్రపంచానికి మాత్రం 1999లో గానీ సరిగ్గా తెలియలేదు. జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు జర్మనీ, జపాన్, అమెరికా దేశాల్లో ఎనిమిదో తరగతి లెక్కల పాఠాల వీడియోలను పోల్చి ‘ది టీచింగ్ గ్యాప్’ అనే పుస్తకం రాశారు. ఆ తర్వాతే మిగతా దేశాల టీచర్లు ఈ పద్ధతి వైపు చూడడం మొదలైంది.

జపాన్ టీచర్ల లెసన్ ప్లాన్లలో నన్ను పట్టుకున్నది ఒక గడి. మన లెసన్ ప్లాన్లో టీచరు ఏం చేస్తారు, పిల్లలు ఏం చేస్తారు అని రాస్తాం. వాళ్లు, ఈ ప్రశ్నకు పిల్లలు ఏయే జవాబులు చెప్పే అవకాశం ఉందో ముందే ఊహించి రాస్తారు. ఒప్పు జవాబు ఒక్కటే కాదు, తప్పు జవాబులు కూడా, ఏ పిల్లవాడు ఏ దారిలో ఆలోచిస్తే ఆ తప్పుకు చేరతాడో దానితో సహా. ఈ గడి నింపడం ఒక్కరి వల్ల కాదు. నలుగురు కూర్చుంటేనే నిండుతుంది. అది ఎలాగో మా అనుభవంలోంచే చెబుతాను.

మేం ఎంచుకున్నది పిల్లలకు ఎప్పుడూ కళ్లెదుట ఉండే విషయం. ఐసు వేసిన స్టీలు గ్లాసు బయట నీటి చుక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? పుస్తకంలో జవాబు ఒక వాక్యం: గాలిలోని నీటి ఆవిరి చల్లని ఉపరితలాన్ని తాకి సాంద్రీకరణం చెందుతుంది. పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షలో రాస్తారు, మార్కులు వస్తాయి. అదే పిల్లవాణ్ని బడి బయట అడిగి చూడండి. “గ్లాసులోంచి బయటకొచ్చాయి మేడమ్” అంటాడు.

కూర్చున్నది మా కాంప్లెక్స్‌లోని నలుగురం. రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక మాస్టారు, ఈమధ్యే డీఎస్సీలో వచ్చిన ఒక అబ్బాయి, పక్క ఊరి బయాలజీ మేడమ్, నేను. ముందు అందరికీ తట్టింది రంగు నీళ్ల ఉపాయం. గ్లాసులో పొటాషియం పర్మాంగనేట్ రెండు పలుకులు వేస్తే నీళ్లు ఊదారంగులోకి వస్తాయి. బయటి చుక్కలకు రంగుండదు. లోపలి నీళ్లు బయటికి రాలేదని తేలిపోతుంది.

“సరిపోతుంది కదా మాస్టారూ” అన్నాడు కొత్త అబ్బాయి.

“సరిపోదు నాయనా. పిల్లలు కుండ అంటారు, చూడు.”

ఆయన చెప్పాకగానీ మాకు తట్టలేదు. మా వైపు ఎండాకాలంలో ఇంటింటా కుండ ఉంటుంది. కుండ బయటి తడి లోపలి నీళ్లదే. మట్టిలోని సన్నని రంధ్రాల గుండా ఊరి బయటికొచ్చి, ఆవిరవుతూ కుండను చల్లబరుస్తుంది. ఇది కూడా మనం చెప్పిన పాఠమే. మరి కుండకు నిజమైనది గ్లాసుకు ఎందుకు కాదు? రంగు లోపలే ఆగిపోయి, వడగట్టినట్టు నీళ్లు మాత్రమే బయటికొచ్చాయని పిల్లవాడు అంటే, వాడు మొద్దు కాదు. తనకు తెలిసిన సైన్స్‌నే వాడుతున్నాడు. గ్లాసు స్టీలుది కాబట్టి దానికి రంధ్రాలుండవని మనం చెబితే మన మాట మీద గౌరవంతో ఒప్పుకుంటాడు. మాకు అది చాలదనిపించింది.

అప్పుడు బయాలజీ మేడమ్ తూకం ప్రస్తావన తెచ్చారు. బిగుతు మూత ఉన్న స్టీలు టిఫిన్ బాక్సులో ఐసు వేసి తూయాలి. బయట చుక్కలు బాగా పట్టాక మళ్లీ తూయాలి. లోపలి నీళ్లే బయటికొచ్చి పైన నిలిచి ఉంటే బరువు మారకూడదు. గాల్లోంచి వచ్చి చేరితే పెరగాలి. ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు, అంకె చెబుతుంది.

ఇక్కడే మాలో మాకు వాదన వచ్చింది. చుక్కల్ని తుడవకుండా తూయాలా, తుడిచి తూయాలా? తుడిస్తే లెక్క మారుతుంది: నీళ్లు లోపలివైతే బరువు తగ్గాలి, గాల్లోవైతే మొదటి బరువే ఉండాలి. పెరగడమైతే పిల్లల కంటికి ఇట్టే ఆనుతుందని నేను వాదించాను. తుడిచి చూపించడం కూడా కావాలని కొత్త అబ్బాయి పట్టుబట్టాడు. పీరియడ్ నలభై అయిదు నిమిషాలే. చివరికి తుడవకుండా తూద్దామనుకున్నాం. ఒక్క ప్రయోగం గురించి ఇంతసేపు మాట్లాడుకున్నామే, నా ఉద్యోగంలో ఏ ట్రైనింగులోనూ ఎవరూ నన్ను ఇంత లోతుగా ఆలోచించమని అడగలేదు.

సామాన్లకు పెద్ద ఖర్చు లేదు. రొయ్యలు, చేపల ఎగుమతుల వల్ల భీమవరం చుట్టుపక్కల ఐసుకు కొదవ లేదు. బంగారం తూచే తరహా చిన్న డిజిటల్ త్రాసు, గ్రాములో పదో వంతు చూపించేది, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ముందుగా మేమే చేసి చూసుకున్నాం. ఫ్యాను కింద పెడితే అంకె నిలవదు, కాబట్టి తూచేటప్పుడు ఫ్యాను ఆపాలి. మూత అంచు తడిగా ఉంటే మొదటి తూకమే చెడుతుంది. ఆగస్టు నెల ఉక్కపోతలో మా ప్రాంతంలో పావుగంటకే బాక్సు నిండా చుక్కలు పట్టి, రెండు గ్రాముల దాకా బరువు పెరుగుతుంది. గాలి పొడిగా ఉండే ఊళ్లల్లో ఇంత రాదు. అనంతపురం వాళ్లు ఇదే పాఠం చెప్పాలంటే వానాకాలం చూసుకోవాలి.

పాఠం ముందు తానే చెబుతానన్నారు మాస్టారు. అంత సర్వీసున్న మనిషి తన తరగతి తలుపు తెరిచి, తనకంటే చిన్నవాళ్లను వచ్చి చూడమనడం మామూలు విషయం కాదు. మేం ముగ్గురం తలా ఒక గ్రూపు పక్కన నిలబడ్డాం. మా నియమం ఒక్కటే: పిల్లలు ఏమన్నారో, ఏం రాశారో, దేని దగ్గర ఆగిపోయారో రాసుకోవాలి. సాయం చేయకూడదు, సైగ కూడా చేయకూడదు. ఇది వినడానికి తేలికే. ఒక పిల్ల తప్పు వైపు వెళుతుంటే నోరు మూసుకుని నిలబడడం టీచరుకు ఎంత కష్టమో చేసి చూడండి.

ముందుగా ప్రతి పిల్లా తన ఊహ కాగితం మీద రాయాలి: బరువు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా, ఎందుకు? ఎక్కువమంది ‘అలాగే ఉంటుంది’ అని రాశారు. కుండ మాట మాస్టారు చెప్పినట్టే రెండు గ్రూపుల్లో వచ్చింది. త్రాసు 312.4 నుంచి 314.5కి వెళ్లింది. తరగతి ఘొల్లుమంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారు గాలిలో నీటి ఆవిరి గురించి నాలుగు ముక్కలు చెప్పారు, బోర్డు మీద బొమ్మ వేశారు, బెల్లు మోగింది. చివరి బెంచీ నుంచి చూసినవాళ్లెవరైనా ఆ పాఠానికి నూటికి నూరు వేసేవారు.

సాయంత్రం ముందుగా పాఠం చెప్పినవారే మాట్లాడాలని పెట్టుకున్నాం. జపాన్‌లోనూ వరస అదే. మాస్టారు తన సంగతి చెప్పాక బయాలజీ మేడమ్ నోటు పుస్తకం తెరిచారు.

“మాస్టారూ, మా గ్రూపు వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. కానీ వాళ్ల కారణం వేరండి.”

ఆవిడ రాసుకున్నది ఇది. ఆ గ్రూపులో ఒక అమ్మాయి ముందుగానే ‘పెరుగుతుంది’ అని రాసింది. ఎందుకంటే ఐసు కరిగి నీళ్లవుతుంది, ఐసు నీళ్ల మీద తేలుతుంది కాబట్టి ఐసు తేలిక, నీళ్లు బరువు. అందువల్ల కరిగేకొద్దీ బాక్సు బరువెక్కుతుంది. అంకె పెరిగేసరికి తన మాటే నిజమైందని సంతోషపడింది, పక్కనున్న ముగ్గురినీ ఒప్పించింది కూడా. బెల్లు మోగే సమయానికి ఆ బల్ల దగ్గర నలుగురు పిల్లలు, మేం కష్టపడి తయారుచేసిన ప్రయోగం సాక్ష్యంగా, లేని ఒక సూత్రాన్ని నేర్చుకుని వెళ్లారు.

ఆ అమ్మాయి ఆలోచన ఎంత చక్కగా ఉందో చూడండి. తేలడం గురించి చదివింది గుర్తుపెట్టుకుంది, కొత్తచోట వాడింది, ఫలితం ముందే చెప్పింది, ఫలితం వచ్చింది. సైంటిస్టు చేసే పని అదే. ఒకే ఘనపరిమాణానికి ఐసు తేలిక అనే మాటకూ, ఉన్న ఐసు కరిగితే బరువు మారదు అనే మాటకూ మధ్య తేడా ఒక్కటే ఆ పిల్లకు అందలేదు. మా నలుగురిలో ఎవరూ ఆ జవాబును ఊహించలేదు. దాన్ని పట్టుకోవడానికి ఒకే దారి ఉంది: ఆ నలుగురు పిల్లల పక్కన ఒక మనిషి నోరు మూసుకుని నిలబడి వినడం.

అప్పుడు కొత్త అబ్బాయి తుడవడం గురించి మళ్లీ ఎత్తాడు. ఈసారి ఎవరూ వాదించలేదు. చుక్కల్ని తుడిచి వెంటనే తూస్తే బరువు మొదటి అంకె దగ్గరికి రావాలి. అప్పటికి ఐసులో చాలా భాగం కరిగి ఉంటుంది. కరగడం వల్లే బరువు పెరిగి ఉంటే తుడిచినంత మాత్రాన తగ్గకూడదు కదా! కుండ వాదనకూ, ఐసు వాదనకూ ఒకే గుడ్డ జవాబు చెబుతుంది. పాఠాన్ని మార్చి రాశాం. మాటల్లో చెప్పే వివరణ తగ్గించి ఆ సమయం తుడిచాక తూచే మూడో తూకానికి ఇచ్చాం. ఆలస్యం చేస్తే మళ్లీ చెమ్మ పడుతుంది కాబట్టి తుడిచిన వెంటనే తూయాలని ఎర్రసిరాతో రాసుకున్నాం.

రెండోసారి ఆ అబ్బాయి తన బడిలో చెప్పాడు. తుడిచాక అంకె దాదాపు మొదటి చోటికే వచ్చింది. మూత తీసి చూస్తే నీళ్లలో చిన్న ఐసు ముక్కలు మిగిలాయి. నేను నిలబడ్డ గ్రూపులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు అడిగాడు: “గాల్లో నీళ్లుంటే మరి బెంచీ మీద ఎందుకు పడవు సార్?” ఉపరితలం ఎంత చల్లబడితే ఆవిరి నీరవుతుందన్న తర్వాతి పాఠం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, తరగతి పరిశీలన గురించి మన చర్చలన్నీ ఈ వివరం దగ్గరికి రాకుండానే ముగిసిపోతున్నాయి. ప్రపంచ బ్యాంకు 2019లో ‘టీచ్’ అనే పరిశీలన పద్ధతి తెచ్చింది. ఆ బ్యాంకు సాయంతో చేపట్టిన సాల్ట్ పథకంలో భాగంగా మన రాష్ట్రంలోనూ దాన్ని వాడారు. పదిహేనేసి నిమిషాల చొప్పున రెండు విడతలు చూసి, తరగతి వాతావరణం, బోధన, పిల్లల సామాజిక భావోద్వేగ నైపుణ్యాలు అనే అంశాల్లో ఒకటి నుంచి అయిదు దాకా పాయింట్లు వేస్తారు. వేల తరగతుల పరిస్థితి మొత్తంగా ఎలా ఉందో తెలియడానికి ప్రభుత్వానికి అలాంటి లెక్క కావాలి, దాన్ని నేను కాదనను. కానీ అది ఏ సబ్జెక్టుకైనా ఒకటే పట్టిక. అందులో ఐసుకు గడి లేదు. టీచరుకు అంకె అందుతుంది గానీ, రేపు ఆ అమ్మాయికి ఏం చెప్పాలో అందదు.

పైగా అంకె ఒక మనిషికి పడుతుంది. అంకె పడుతుందని తెలిసినప్పుడు ఎవరైనా తమకు బాగా వచ్చిన పాఠమే చెబుతారు, బాగా చదివే పిల్లల్నే లేపుతారు. నలుగురు కలిసి రాసుకున్న పాఠం విషయంలో ఈ భయం ఉండదు. అది బెడిసికొడితే నలుగురిదీ బెడిసినట్టే. బీఈడీలో మనందరం క్రిటిసిజమ్ లెసన్లు చెప్పాం, తోటివాళ్ల పాఠాలు చూసి అబ్జర్వేషన్ రికార్డులు నింపాం. అందులో ఏం రాసేవాళ్లమో గుర్తుందా? వాయిస్ బాగుంది, బోర్డు వర్కు బాగుంది, వెనక బెంచీలపై శ్రద్ధ పెట్టాలి. పిల్లలు అన్న మాట ఒక్కటైనా ఆ రికార్డులో ఉండేది కాదు. చూడడం అంటే టీచర్ని చూడడం అని ఈ వృత్తిలోకి అడుగు పెట్టకముందే మనకు అలవాటు చేశారు.

ఇదంతా జపాన్ నుంచి దిగుమతి చేసుకోవాల్సిన పని కూడా లేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలలతో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమంలో టీచర్ల నెలవారీ సమావేశమే వెన్నెముక. తరగతిలో ఏ ప్రయోగం ఎక్కడ తేడా కొట్టిందో, పిల్లలు ఏం అడిగారో అక్కడ మాట్లాడుకునేవారు. ముప్ఫై ఏళ్లు నడిచాక 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మన దగ్గరే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ప్రైమరీ ఎడ్యుకేషన్ ప్రాజెక్టు టీచర్స్ సెంటర్లను నడిపింది. కృత్యాలు సొంతంగా తయారుచేసుకుని తోటివాళ్లకు చూపించుకునే అలవాటు ఆ తరం టీచర్లకు అక్కడే వచ్చింది. మా మాస్టారు కుండ గురించి అంత సులువుగా చెప్పగలిగారంటే, ఆ తరం మనిషి కావడం వల్లే అనుకుంటాను.

స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన కూడా ఇప్పటిది కాదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ చెప్పింది. ఏ బడీ ఒంటరిగా మిగలకుండా, టీచర్లు ఒకరికొకరు ఆసరాగా ఉండాలన్నది దాని ఉద్దేశం. అదే విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం యాభై గంటల వృత్తిపరమైన శిక్షణ ఉండాలంది. ఆ గంటలు ఎలా గడుస్తున్నాయి? నేను కూర్చున్న మీటింగుల్లో ఎక్కువ సేపు పై నుంచి వచ్చిన అజెండా చదవడం, స్క్రీన్ మీద ఎవరో మాట్లాడుతుంటే వినడం, గ్రూప్ ఫోటో తీసి అప్‌లోడ్ చేయడంతోనే సరిపోయింది. సబ్జెక్టు మాట్లాడుకున్నది భోజనం దగ్గర.

ఇబ్బందులు లేవని నేను అనను. చాలా హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్‌కు ఒక్కరే ఉంటారు. వాళ్లు పక్క బడికి వెళితే తరగతులు ఎవరు చూడాలన్నది హెచ్‌ఎంలకు నిజమైన సమస్య. సిలబస్ వెనకబడుతుందన్న భయం మరొకటి. దీనికి నా దగ్గర ఉన్న జవాబు ఇది: ప్రతి పాఠాన్నీ ఇలా తయారుచేయమని ఎవరూ అడగడం లేదు. జపాన్‌లో కూడా అలా చేయరు. ఏడాదికి రెండో మూడో పాఠాలు చాలు, అవీ పిల్లలు ఏటా తడబడే చోట్ల నుంచి ఎంచుకున్నవి. బల్బు వెలిగాక కరెంటు ‘ఖర్చయిపోతుందా’, మొక్క బరువు మట్టిలోంచి వస్తుందా, పైకి విసిరిన బంతి మీద పైకే బలం పనిచేస్తుందా. ఇలాంటివి పది పాఠాలు ఒక జిల్లాలో సవరించి దాచుకుంటే, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరు చేతిలో అవి ఎంత సొత్తు!

ఇంకో అభ్యంతరం పైకి ఎవరూ అనరు గానీ లోపల ఉంటుంది. తోటివాళ్ల ముందు పాఠం చెప్పడమంటే బిడియం. ముఖ్యంగా మహిళా టీచర్లకు, మగవాళ్లు నలుగురు వచ్చి నిలబడితే ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అందుకే ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు ఆ గదిలో ఎవరూ అనకూడదని మేం ముందే ఒప్పుకున్నాం. పిల్లలు చేసింది, అన్నది మాత్రమే చెప్పాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే బిడియం మొదటి పీరియడ్లోనే సగం పోతుంది. సర్వీసు ఎక్కువున్నవాళ్లు ముందుగా చెబితే మిగతా సగం కూడా పోతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకు నా విన్నపం. ఏడాదిలో మూడు కాంప్లెక్స్ మీటింగులు సైన్స్ టీచర్లకు పూర్తిగా వదిలేయండి. ఒకటి పాఠం తయారుచేసుకోవడానికి, ఒకటి తరగతిలో చూడడానికి, ఒకటి సవరించి మళ్లీ చెప్పడానికి. ఆ మూడు రోజులకు అజెండా పంపకండి, ఫోటో అడగకండి, పాఠం చెప్పినవారి పేరు పక్కన అంకె వేయకండి. ఎంఈవోలు, డీఈవోలు తప్పకుండా రండి. వచ్చినప్పుడు ఒక గ్రూపు పక్కన నిలబడి, పిల్లలన్న మాటలు మాలాగే రాసుకుని, సాయంత్రం మాతో కూర్చోండి.

సైన్స్ టీచర్లయిన మిత్రులకు ఒక మాట. ఆ ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి. మీ మండలంలో పక్క బడి సైన్స్ టీచరు ఫోన్ నంబరు మీ దగ్గర ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఫోన్ చేసి, మీ పిల్లలు ఏ పాఠం దగ్గర ఏటా తడబడతారో అడగండి.